హార్ట్ ఫెయిల్యూర్‌తో ఇంటి దగ్గర: నా అనుభవం

నాది ఈఎఫ్ (గుండె కొట్టుకున్న ప్రతిసారీ తనలోని రక్తంలో ఎంత శాతాన్ని బయటికి పంపుతుందో చెప్పే అంకె) 40 లోపున్న హార్ట్ ఫెయిల్యూర్. ఆస్పత్రిలో ఒంటి నీరు తీసి పంపించాక అసలు పని ఇంట్లో మొదలవుతుంది. ఆయాసం లేకుండా స్నానం చేయగలగడం, రాత్రి పడుకోగలగడం, నలుగురిలోకి వెళ్లిరాగలగడం చాలావరకు ఆ పని మీదే ఆధారపడి ఉంటాయి. నేను పాటిస్తున్నవి రాస్తున్నాను.

ముందు బరువు. పొద్దున లేచి, మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ తాగకముందే, రోజూ ఒకే రకం పలుచని బట్టలతో చూసుకుంటాను. మిషన్‌ని గట్టి నేల మీద ఒకే చోట ఉంచాలి, చాప మీద పెడితే అంకె మారిపోతుంది. ఆ అంకెను గోడ క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలోనే రాసి, పక్కన బీపీ, పల్స్ వేస్తాను. కాళ్ల వాపు కంటికి కనిపించేసరికే ఒంట్లో చాలా నీరు చేరి ఉంటుంది, తూకం అంతకంటే ముందే చెబుతుంది. మూడు రోజుల్లో 2 కిలోలకు మించి పెరిగిందంటే తిండివల్ల కాదు, నీరే. అపాయింట్‌మెంట్ తేదీ దాకా ఆగకుండా అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయాలి. ఎంత పెరిగితే నీటి మాత్ర (ఒంట్లో నీటిని మూత్రంగా బయటికి పంపేది) ఎంత పెంచాలి, ఎన్నాళ్లు పెంచాలి అన్నది ముందే చీటీ మీద రాయించుకుంటే ఇంట్లోవాళ్లు కంగారు పడరు.

నీటి మాత్ర, అంటే ఫ్రూసమైడ్, వేసుకున్న గంటలోపు పని మొదలుపెట్టి ఆరు గంటల దాకా చేస్తుంది. అందుకే పొద్దున వేసుకోవాలి. రెండో డోసు ఉంటే సాయంత్రం నాలుగు లోపే, లేకపోతే రాత్రంతా బాత్రూంకి తిరగడమే. బస్సు ప్రయాణం ఉందనో పెళ్లి ఉందనో చాలామంది ఆ రోజుకి మానేస్తారు. మానొద్దు. డాక్టర్ని అడిగి వేళ మార్చుకుంటే సరిపోతుంది.

మన వంటింట్లో అసలు చిక్కు ఉప్పుది. రోజు మొత్తానికి 5 గ్రాములు దాటకూడదు, అంటే తలకొట్టిన చిన్న చెంచా. మా ఇంట్లో కూర, పప్పు దించేముందు నా వాటా ఉప్పు లేకుండా తీసి పక్కన పెడతారు. నా ఉప్పు పొద్దున్నే ఒక చిన్న డబ్బాలో పోసి ఉంటుంది, మూడు పూటలా అందులోంచే. ఆవకాయ, అప్పడం, వడియాలు, ఊరమిరపకాయలు ఈ లెక్కలో ఇమడవు. బజ్జీల్లో వేసే వంటసోడా, నీళ్లలో పొంగే గ్యాస్ పొడులు కూడా సోడియమే. నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, వేయించిన జీలకర్ర దండిగా వేస్తే కొన్ని వారాలకు నాలుక అలవాటు పడుతుంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి: సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొనకండి. అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. స్పైరోనోలాక్టోన్, వల్సార్టాన్ లాంటి మందులు వాడేవాళ్లకు రక్తంలో పొటాషియం ఇప్పటికే పెరిగే వీలుంది, అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్ల సంగతీ అంతే, డాక్టర్ని అడిగాకే.

నీళ్లకు హద్దు అందరికీ ఉండదు. నాకు 1.5 లీటర్లు అన్నారు. పొద్దున అంత నీళ్లు ఒక బాటిల్లో పోస్తాను. కాఫీ, మజ్జిగ, చారు ఏది తాగినా అంతే కొలత నీళ్లు బాటిల్లోంచి ఒంపేస్తాను. బాటిల్ ఖాళీ అయిందంటే ఆ రోజు కోటా అయిపోయింది. నోరు ఎండితే పుక్కిలించి ఉమ్మేయడమో, ఏలకు గింజ చప్పరించడమో.

నీటి మాత్ర కాక మందులు నాలుగు రకాలు: సాక్యుబిట్రిల్-వల్సార్టాన్, బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించేది), స్పైరోనోలాక్టోన్, డాపాగ్లిఫ్లోజిన్. తక్కువ డోసుతో మొదలుపెట్టి కొన్ని వారాలకోసారి పెంచుతారు. బీటా బ్లాకర్ పెంచిన కొత్తలో నీరసంగా ఉంటుంది, దానికి భయపడి మధ్యలో ఆపేస్తే ప్రమాదం. స్పైరోనోలాక్టోన్ మొదలుపెట్టిన వారానికి, మళ్లీ నెలకు పొటాషియం, క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది) పరీక్షలు తప్పవు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, మే నెల ఎండకు తిండి సహించక పడి ఉన్నా ఎప్పటిలా మందులన్నీ మింగేయకూడదు. నీటి మాత్ర, డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి కొన్నాళ్లు ఆపాలో లేదో ఫోన్ చేసి కనుక్కోవాలి. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో ఇచ్చే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఒంట్లో నీరు పట్టేలా చేసి కిడ్నీలను దెబ్బతీస్తాయి. డాక్టరు వద్దనకపోతే పారాసిటమాల్ నయం.

ఓపీలో "ఎలా ఉన్నారు?" అంటే మనవాళ్లు "పర్వాలేదండీ" అనేస్తారు. మెట్లెక్కడం ఎప్పుడో మానుకున్నారు కాబట్టి ఆయాసం రావడం లేదన్న సంగతి డాక్టరుకు ఎలా తెలుస్తుంది? దీనికి కాన్సాస్ సిటీ కార్డియోమయోపతీ క్వశ్చనేర్ అని ఒక ప్రశ్నావళి ఉంది. గత రెండు వారాల్లో స్నానం, నడక, మెట్లు ఎంత కష్టమయ్యాయి, నీరసం, ఆయాసం ఎన్నిసార్లు వచ్చాయి, కూర్చునే నిద్రపోవాల్సి వచ్చిందా అని అడిగి 0 నుంచి 100 దాకా మార్కు వేస్తుంది. 5 మార్కుల తేడా కూడా లెక్కలోకి వస్తుంది. ఆ కాగితం లేకపోయినా ఫర్వాలేదు. ఎన్ని దిండ్లు పెట్టుకుంటున్నారు, ఎక్కడి దాకా నడిచి ఆగుతున్నారు, దేన్ని మానుకున్నారు అని మూడు వాక్యాలు రాసుకెళ్లండి. మందు మార్చాలా వద్దా అన్నది వాటిని బట్టే తేలుతుంది. దిగులుగా ఉంటే అదీ రాయండి, ఈ జబ్బులో డిప్రెషన్ మామూలే, దానికీ వైద్యం ఉంది.

నడక విషయంలో నా కొలత మాట: నడుస్తూ పూర్తి వాక్యం మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది. భోజనం చేసిన వెంటనే నడవను.

అన్నీ సక్రమంగా చేస్తున్నా నీరసం తగ్గకపోతే ఒంట్లో ఐరన్ ఎంతుందో చెప్పే ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్షలు చేయించమని అడగండి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నవాళ్లలో కూడా ఐరన్ తక్కువుండొచ్చు. ఫెరిటిన్ 100 లోపు, లేదా 100 నుంచి 299 మధ్య ఉండి శాచురేషన్ 20 శాతం లోపు ఉంటే తక్కువ కిందే లెక్క. ఈ జబ్బులో ఐరన్ మాత్రలు పెద్దగా పనిచేయవు, సెలైన్‌లో నరానికి ఎక్కిస్తే చాలామందికి ఓపిక పెరుగుతుంది.