శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు పల్లె బడి

కాలిఫోర్నియాలో శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నర అంటే ఆంధ్రలో శనివారం పొద్దున తొమ్మిది. నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు మారాక పది. అక్కడి జిల్లా పరిషత్ బడి పిల్లలతో ఇక్కడ పెరుగుతున్న మన తెలుగు పిల్లల్ని ఆన్‌లైన్‌లో కలపాలంటే, అటు బడి నడుస్తూ ఇటు పిల్లలు మేలుకుని ఉండే వేళ దాదాపు ఇదొక్కటే. న్యూజెర్సీలో అప్పటికి రాత్రి పదకొండున్నర. అక్కడివాళ్లు ముఖాముఖి ఆశ వదులుకుని వీడియోలు రికార్డు చేసి పంపుకోవడమే నయం.

రెండో శనివారం ఆంధ్ర బడులకు సెలవు. ఏప్రిల్ చివర్లో వేసవి సెలవులిస్తారు, జూన్‌లో బడి తెరిచేసరికి మనవాళ్లకు సెలవులు. దసరా, క్రిస్మస్, సంక్రాంతి పోగా ఆగస్టు చివరి నుంచి మార్చి దాకా నెలకొక్క కాల్ నిలబడుతుంది. వారానికొకటి అనుకుంటే రెండో నెలకే ఆగిపోతుంది. పదో తరగతి జోలికి పోకండి, వాళ్ల పరీక్షలు వాళ్లవి. ఆరు, ఏడు తరగతులు సరైనవి.

గొడవంతా శబ్దం దగ్గరే. నలభై మంది ఉన్న గదిలో ల్యాప్‌టాప్ మైకు మొదటి బెంచీ దాటి వినదు. ఒక ఫోను కూడా కాల్‌లో చేర్చి, దాన్నే మైకులా చేతులు మార్చాలి. ల్యాప్‌టాప్‌లో మైకు, ఫోనులో స్పీకరు ఆపేయాలి, లేకపోతే కీచుమని అరుస్తుంది. ఇటువాళ్లు మాట్లాడేటప్పుడు ఫోనూ మ్యూట్‌లో ఉండాలి. లేదంటే మన పిల్లల మాట మనకే తిరిగొస్తుంది. జూమ్ ఉచితంగా ఇచ్చే 40 నిమిషాలు చాలు.

ఇక అటు పిల్లలు లేచి ఒక్క గొంతుతో ‘గుడ్ మార్నింగ్ సర్’ అని కూర్చుంటారు. ఇటు పిల్లలకు అర్థమయ్యే తెలుగు నోటిదాకా రాదు. అందుకే ప్రశ్నలు వారం ముందే రాసి పంపుకోవాలి, ఒక్కో కాల్‌లో అటు నలుగురు, ఇటు నలుగురే మాట్లాడాలి. ‘మీకు ఇండియా ఇష్టమా?’ అంటే ‘ఇష్టం’తో సరి. ‘నిన్న మధ్యాహ్నం బడిలో ఏం పెట్టారు? నువ్వేం వదిలేశావు?’ అని అడగమనండి. గుడ్డు, చిక్కీ, పక్కవాడికిచ్చిన సాంబారు అన్నీ బయటికొస్తాయి. ఇటువాళ్లు కూడా తమ లంచ్‌బాక్సు తెరిచి చూపించాల్సిందే.

రికార్డు చేయాలంటే రెండు వైపులా తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ఉండాలి. పిల్లల ఫోను నంబర్లు చేతులు మారకూడదు, ఏదైనా టీచరు ద్వారానే.

కాల్ చివర్లో ‘ట్యాబ్‌లు పంపిస్తాం’ అని ప్రకటించే పెద్దమనిషి ఒకరైనా ఉంటారు. ఆయన్ని ముందే ఆపండి. విరాళం సంగతి హెడ్మాస్టరుగారితో విడిగా మాట్లాడుకోవచ్చు. పిల్లల ముందు ఆ మాట వచ్చిందంటే, మరుసటి నెల నుంచి అటువాళ్లు థాంక్యూ చెప్పడానికే కూర్చుంటారు.