మా షాపులో డాంగిల్ ఎందుకు ఆగిపోయేదంటే

మాఘమాసానికి ముందు వారాల్లో మా డీటీపీ షాపులో ఊపిరాడదు. పెళ్లికార్డులన్నీ అప్పుడే పడతాయి. తెలుగు టైపు చేయడానికి నేను వాడే పాత సాఫ్ట్‌వేర్‌కి పెన్‌డ్రైవ్‌లా కనపడే ఒక యూఎస్‌బీ డాంగిల్ తాళంలా ఉంటుంది. అది కంప్యూటర్‌కి కనపడకపోతే సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే మూసుకుపోతుంది. సరిగ్గా ఈసారి ఆ రోజుల్లోనే డాంగిల్ పది నిమిషాలకోసారి మాయమవడం మొదలుపెట్టింది. ఏదో పీకేసినట్టు విండోస్ చేసే ఆ శబ్దం వినపడితే చాలు, నాకు గుండె జారిపోయేది. కూతురి కార్డు ప్రూఫ్ కోసం వచ్చిన పెద్దాయన "పర్లేదమ్మా, నిదానంగా చూడు" అంటున్నా టెన్షన్ తగ్గలేదు.

డాంగిల్ పోయిందేమో అనుకుని అదే పోర్టులో పెన్‌డ్రైవ్ పెట్టి చూశాను. అదీ అంతే. తెలిసిన మెకానిక్‌కి ఫోన్ చేస్తే మదర్‌బోర్డు మార్చాల్సిందే అన్నాడు. 2014లో అసెంబుల్ చేయించిన మెషీన్ అది. మొదట విండోస్ 7 ఉండేది, తర్వాత దాని మీదే విండోస్ 10కి మారాను. బోర్డు మారిస్తే ప్రాసెసర్, ర్యామ్ అన్నీ మార్చాలి. అంత డబ్బు పెట్టేముందు నేనే ఒకసారి చూద్దామనుకున్నాను.

విండోస్ బటన్ పట్టుకుని ఎక్స్ నొక్కితే వచ్చే మెనూలో డెవైస్ మేనేజర్ ఉంటుంది. డాంగిల్ పోయిన క్షణంలో అక్కడ చూస్తే, దాని స్థానంలో "అన్‌నోన్ యూఎస్‌బీ డెవైస్" అని, పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 43. అంటే ఆ పరికరం ఏదో తేడా చెప్పడంతో విండోస్ దాన్ని ఆపేసిందని. తేడా పరికరంలోనే ఉండాలని లేదు, పోర్టులోనో, పరికరాన్ని విండోస్‌తో మాట్లాడించే చిన్న ప్రోగ్రాం అయిన డ్రైవర్‌లోనో కూడా ఉండొచ్చు.

ఒక వీడియోలో చెప్పినట్టు యూఎస్‌బీ కంట్రోలర్లన్నీ, అంటే పోర్టులను నడిపే చిప్‌లన్నీ, వరసగా అన్‌ఇన్‌స్టాల్ చేయబోయాను. రెండోదానికే మౌస్ కింద ఎర్ర లైటు ఆరిపోయింది, కీబోర్డు కూడా పోయింది. అవి వేలాడుతున్నది ఆ కంట్రోలర్ మీదే కదా! పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని ఆపి, మళ్లీ ఆన్ చేస్తే విండోస్ అన్నిటినీ తిరిగి గుర్తుపట్టింది. కానీ పాత డ్రైవర్‌నే మళ్లీ ఎక్కించింది. అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డ్రైవర్ ఫైళ్లు కూడా తీసెయ్యమని టిక్ పెట్టకపోతే అవి లోపలే ఉండిపోతాయి. ఈ పని చేసేవాళ్లు ముందుగా ఒక పాత గుండ్రటి పిన్ను కీబోర్డు తెచ్చి పెట్టుకోండి, మీ బోర్డుకి ఆ ఊదారంగు సాకెట్ ఉంటే. కంప్యూటర్ ఆపాకే గుచ్చాలి. నేను పక్కన నెట్ షాపు అన్నయ్య దగ్గర తెచ్చుకున్నాను.

ఆ తర్వాతే అసలు విషయం దొరికింది. డెవైస్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్లి పరికరాలను కనెక్షన్ ప్రకారం చూపించమంటే, ఏది దేని కింద ఉందో చెట్టులా కనపడుతుంది. నా మెషీన్‌లో రెండు కంపెనీల కంట్రోలర్లు ఉన్నాయని అప్పటిదాకా నాకు తెలీదు. కంట్రోలర్ ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి హార్డ్‌వేర్ ఐడీ చూస్తే, వెన్ (VEN) అన్న అక్షరాల తర్వాతి నాలుగు గుర్తులు చిప్ కంపెనీవి. 8086 అంటే ఇంటెల్, 1978లో వచ్చిన వాళ్ల ప్రాసెసర్ నంబరే అది. 1022 అంటే ఏఎమ్‌డీ. వెనక ఉన్న రెండు నీలం పోర్టులు, అంటే వేగంగా పనిచేసే యూఎస్‌బీ 3.0 పోర్టులు, మాత్రం వేరే చిప్‌వి. నా డాంగిల్ ఉన్నది వాటిలోనే.

ఆ చిప్ డ్రైవర్ తేదీ చూస్తే విండోస్ 7 కాలం నాటిది. యూఎస్‌బీ 3.0 ప్రమాణం 2008 చివర్లో వచ్చింది, విండోస్ 7 2009లో. దానికి సొంత 3.0 డ్రైవర్ లేదు, చిప్ కంపెనీలు ఇచ్చిందే ఎక్కించుకోవాలి. 2012లో విండోస్ 8తో ఆ డ్రైవర్ విండోస్‌లోనే వచ్చేసింది. నేను పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేయడంతో ఆ ముసలి డ్రైవర్ కూడా వెంట వచ్చిందన్నమాట.

తేడా వస్తే పాత స్థితికి వెనక్కి వెళ్లేందుకు రిస్టోర్ పాయింట్ ఒకటి పెట్టుకుని, అప్‌డేట్ డ్రైవర్ నొక్కి, ఇంటర్నెట్‌లో వెతకమనకుండా, కంప్యూటర్‌లో ఉన్న జాబితా నుంచి ఎంచుకుంటానన్నాను. అందులో "యూఎస్‌బీ ఎక్స్‌హెచ్‌సీఐ కంప్లయంట్ హోస్ట్ కంట్రోలర్" కనపడింది. విండోస్ సొంత 3.0 డ్రైవర్ అదే. అది ఎంచుకుని రీస్టార్ట్ చేశాను. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం వేరు. కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యేందుకు ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్‌లో విండోస్ పూర్తిగా మూసుకోదు, రీస్టార్ట్‌లోనే మూసుకుంటుంది.

గంటకు ఆరుసార్లు పోయేది, ఆ రోజంతా ఒక్కసారే పోయింది. ఆ ఒక్కటీ కరెంటు పొదుపు వల్ల. పవర్ ఆప్షన్స్‌లో వాడకంలో లేని యూఎస్‌బీ పరికరాలను నిద్రపుచ్చే యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేశాను. కంట్రోలర్ కింద పోర్టులన్నీ కలిసే రూట్ హబ్ ప్రాపర్టీస్‌లో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపొచ్చు అన్న టిక్ కూడా తీసేశాను. డెస్క్‌టాప్‌లో ఆ పొదుపు వల్ల నాకు కలిసొచ్చేదేమీ లేదు.

ఉచితంగా స్కాన్ చేసి డ్రైవర్లన్నీ అప్‌డేట్ చేస్తామనే సాఫ్ట్‌వేర్ల జోలికి మాత్రం వెళ్లకండి. వేరే డ్రైవర్ కావాల్సి వస్తే, ఏ చిప్ అని ఆ నాలుగు గుర్తుల్లో చూసుకుని, మీ బోర్డు కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీ నుంచే తెచ్చుకోండి.

మర్నాడు పెద్దాయన మళ్లీ వచ్చారు. కళ్లజోడు పెట్టుకుని ప్రూఫ్ అంతా చదివి, అమ్మాయి పేరులో ఒక ఒత్తు తప్పిందని చూపించారు. ఆయన ముందే దిద్ది, ఆ సాయంత్రమే మూడు వందల కార్డులు ప్రింటింగ్‌కి పంపించాను.