పెరట్లో కందిరీగల గూడు
గడ్డి కోస్తుంటే నేలలో ఓ కన్నం, అందులోకి వచ్చిపోయే పసుపు నలుపు చారల కందిరీగలు కనిపించాయి. ఇక్కడ న్యూజెర్సీలో వీటిని ఎల్లో జాకెట్లు అంటారు. ఎలుకలు వదిలేసిన బొరియల్లో గూడు కడతాయి. తేనెటీగలా ఒకసారి కుట్టి చచ్చిపోవు, మళ్లీ మళ్లీ కుడతాయి. పిల్లలు ఆడుకునే చోటు కావడంతో చాలా టెన్షన్ పడ్డాను. పెట్రోల్ పోసేయమని ఒకరు, కన్నం మూసేయమని ఇంకొకరు. దయచేసి రెండూ చేయకండి. పెట్రోల్ నేలను పాడుచేస్తుంది, అంటుకుంటే ఇంకా ప్రమాదం. కన్నం మూస్తే అవి వేరే దారి తవ్వుకుంటాయి. చీకటి పడి అన్నీ లోపలికి చేరాక, పని తెలిసినతను వచ్చి పొడి మందు కొట్టాడు.

ఎక్కడో మూలన ఉంటే వదిలేసేవాళ్లం. మొక్కల్ని తినే గొంగళిపురుగుల్ని ఇవి పట్టుకుపోతాయి. పైగా గట్టి చలి పడితే కొత్త రాణులు తప్ప మిగతావన్నీ చచ్చిపోతాయి. ఇంట్లో ఎవరికైనా అలర్జీ ఉంటే మాత్రం ఆగకండి, వెంటనే మనిషిని పిలిపించండి.