మద్రాసులో మా తాతలనాటి కాలువ

అక్కా బావా మద్రాసు వేళచ్చేరిలో ఫ్లాట్ కొనుక్కున్నారు. కృతజ్ఞతా కూడిక పెట్టుకున్నాం, రమ్మని ఫోన్ చేస్తే అమ్మా నేనూ ఒంగోలులో పినాకిని ఎక్కాం. గూడూరు, సూళ్లూరుపేట దాటి మధ్యాహ్నానికి సెంట్రల్‌లో దిగాం.

కూడిక సాయంత్రం. తెలుగు సంఘం వాళ్లు హాలు నిండా చాపలేసుకుని కూర్చున్నారు. ఇలాంటి చోట్ల "మా విశ్వాసం చూసి దేవుడు ఈ ఇల్లిచ్చాడు" అనే సాక్ష్యం తరచూ వింటుంటాను. ఆ మాట విన్నప్పుడల్లా నాకు మనసులో గుచ్చుకుంటుంది. అదే చాప మీద అద్దె కట్టలేక సతమతమయ్యేవాళ్లూ ఉంటారు కదా, వాళ్ల విశ్వాసం తక్కువైనట్టా?

బావ ఆ మాట అనలేదు. 2015 డిసెంబరు వరదల గురించి చెప్పాడు. అప్పుడు ఇక్కడే గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుండేవాళ్లు. రాత్రికి రాత్రే నీళ్లు మంచం దాటాయి. పై పోర్షన్ తమిళ కుటుంబం వీళ్లను లోపలికి పిలిచి, ఉన్న అన్నమే అందరికీ పెట్టింది. తర్వాత జాలరులు పడవలేసుకొచ్చి బయటికి తీసుకెళ్లారు. "వాళ్ల పేర్లు కూడా అడగలేకపోయాను. ఈ ఇంటికి స్తోత్రం చెప్పే ముందు వాళ్ల కోసం చెప్పాలి" అంటూ బావ ఆగిపోయాడు. అక్క ఏడ్చేసింది. యాకోబు పత్రికలో "శ్రేష్ఠమైన ప్రతి యీవియు" పైనుంచే వస్తుందని చిన్నప్పటి నుంచి కంఠతా చెప్పాను. పైనుంచి వచ్చేది ఎవరెవరి చేతుల మీదుగా మన దాకా వస్తుందో బావలా లెక్కపెట్టుకున్నవాళ్లను మాత్రం తక్కువమందినే చూశాను.

మర్నాడు సాంథోమ్ చర్చి చూడాలంది అమ్మ. వేళచ్చేరిలో ఎమ్మార్టీఎస్ రైలెక్కాం. కోటూర్‌పురం దాటగానే అడయారు నది. తిరుమయిలై దగ్గరికొచ్చేసరికి పట్టాల కిందే నల్లటి నీళ్లు, ప్లాస్టిక్ చెత్త. పక్క సీట్లో ఒకాయన ముక్కు మూసుకున్నాడు. అదే బకింగ్‌హాం కాలువ అని నేను చెబితే అమ్మ కిటికీ దగ్గరికి జరిగి, స్టేషన్ వచ్చేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

కోస్తా ఆంధ్ర నుంచి మద్రాసు మీదుగా తీరం వెంట సాగే ఈ కాలువ మా ఇంట్లో ఒక పెద్ద కథ. 1876లో మొదలై 1878 దాకా సాగిన ధాత కరువులో దక్షిణాదిలో లక్షలాది మంది చనిపోయారు. ఒంగోలులో మిషనరీగా ఉన్న జాన్ క్లౌ దొరకు సర్వే పని తెలుసు. కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లను పనిలో పెట్టుకున్నాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడ్డారు, కూలి సరిగ్గా అందింది. మా తాతముత్తాతలు అక్కడ తట్టలు మోశారని నాయనమ్మ చెప్పేది. ఇక్కడ మద్రాసులోనూ అడయారు, కూవం నదులను కలిపే కాలువ ముక్కను ఆ కరువులోనే, 1877-78లో తవ్వారు. ఇక్కడ మట్టి మోసినవాళ్ల పిల్లల పిల్లలు ఇప్పుడు ఏ వీధిలో ఉన్నారో!

ఈ కథలో నాకు బాగా నచ్చే సంగతి ఇంకోటుంది. కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మం అడిగినవాళ్లను క్లౌ ఆగమన్నాడు. గింజల కోసం క్రీస్తును నమ్ముకున్నారని ఎవరూ అనకూడదని. పని ముందు, కూలి ముందు, అన్నం ముందు. అదంతా అయిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నమ్మకానికి బదులుగా మేలు రాలేదు, మేలే ముందు వచ్చింది. దేవుడు మంచివాళ్ల మీదా చెడ్డవాళ్ల మీదా ఒకేలా వాన కురిపిస్తాడని యేసు చెప్పింది ఇదే అనుకుంటాను. ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్యం మన భక్తికి ముట్టిన జీతమని చెప్పే బోధ విన్నప్పుడు నాకు ఆ తట్టలే గుర్తొస్తాయి.

తిరుమయిలై నుంచి ఆటోలో సాంథోమ్ దగ్గరే. తెల్లటి గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. యేసు శిష్యుడు తోమాదని నమ్మే సమాధి మీద పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో గుడి కట్టారు. ఇప్పుడున్నది 1896 నాటిది. 1986లో పోప్ రెండో జాన్ పాల్ ఇక్కడికి వచ్చాడు. సమాధి ఉన్న ప్రార్థనా గది నేల కింద ఉంది, మెట్లు దిగాలి. లోపల తమిళంలో, మలయాళంలో గొణుగుతూ ప్రార్థనలు. మేం బాప్టిస్టులం, సమాధుల దగ్గర మొక్కే అలవాటు లేదు. అమ్మ మాత్రం బెంచీ మీద కూర్చుని చాలాసేపు కళ్లు మూసుకుంది. నాకు తోమా అడిగిన గాయాలే గుర్తొచ్చాయి. యేసు చేతుల్లో మేకుల గుర్తులు చూడందే నమ్మనన్నాడు. నా బతుకులోని మంచి అంతా ఇచ్చిన చేతులు ఆ మేకులు దిగిన చేతులేనని ఎప్పుడూ పాడే నేను, అక్కడ దాన్ని నిదానంగా ఆలోచించాను.

చర్చి వెనకాలే సముద్రం. ఒడ్డు వైపు ఒక స్తంభం నిలబెట్టి ఉంది. అది తోమా నాటాడని, సముద్రం దాన్ని దాటి రాదని ఇక్కడివాళ్ల నమ్మకం. కాస్త అవతల కుప్పం, అంటే జాలరుల పల్లె, ఇసుక మీద పడవలు. 2004 డిసెంబరు 26న సునామీ మింగిన తీరమిది. ఉన్నట్టుండి నాకు భయమేసింది.

"అమ్మా, మనవాళ్లు కరువులో బతికారు, స్తోత్రం చెబుతాం. మరి చచ్చిపోయినవాళ్ల సంగతేంటి? ఇక్కడ పోయినవాళ్లు?"

అమ్మ వెంటనే చెప్పలేదు. ఇసుకలో కొంత దూరం నడిచాక, "అది నేను దేవుణ్ణే అడుగుతుంటాను. బతికినవాళ్లం గొప్పవాళ్లమని మాత్రం అనుకోవద్దే" అంది.

ఒడ్డున చేపలమ్మే ఆవిడ దగ్గర అమ్మ వంజరం బేరమాడకుండా కొంది, ఎప్పుడూ లేనిది. ఆటోలో కూర్చున్నాక బావకు ఫోన్ చేసి, "అల్లుడు గారూ, ఆ పడవలు ఏ కుప్పం నుంచి వచ్చాయో కనుక్కోండి. మేమున్నప్పుడే వెళ్లొద్దాం" అంది. బావ ఆ పై పోర్షన్ వాళ్లకు ఫోన్ చేసి అడిగి చెబుతానన్నాడు.