తప్పు నీదా, ఆటదా?

రజతోత్సవ సంచికకు రెండు పేజీలు రాసి పంపమని మన బడి పూర్వ విద్యార్థుల సంఘం తరఫున గోలీసోడా మూడుసార్లు ఫోను చేశాడు. తెలుగు మాస్టారి పద్యాల గురించి, వార్షికోత్సవం నాడు వేదిక మీద జరిగిన ఆ ఘనకార్యం గురించి ఎలాగూ నలుగురైదుగురు రాస్తారు కనుక వాటిని వాళ్లకే వదిలేస్తున్నాను. నేను రాయదలచుకున్నది కంప్యూటర్ గదిలోని మూడో మిషను గురించి, దాని మీద మనం ఆడిన గెంతుడు ఆటల గురించి. నలభై నిండినా నేను ఆడేవి ఇప్పటికీ ఆ జాతి ఆటలే. వాటిని తూచే తక్కెడ కూడా ఆ గదిలో దొరికిందే.

శనివారం ఆఖరి పావుగంట, ఇచ్చిన ప్రోగ్రాము తప్పుల్లేకుండా నడిచినవాళ్లకు మాత్రమే కంప్యూటర్ మాస్టారు ఆటకు అనుమతి ఇచ్చేవారు. చచ్చినవాడు కుర్చీ దిగాలి. దిగాక నల్లట్ట రిజిస్టరులో ఒక్క వాక్యం రాయాలి: తప్పు నాదా, ఆటదా, ఎందుకు. రెండో వాక్యం రాస్తే పై వారం ఆట లేదు. వ్యాసరచనలో మనకు ఏనాడూ రాని పొదుపు ఆ రిజిస్టరులో వచ్చింది. 'గెంతాను, పడ్డాను, నాదే' అని బొంగరం రాసిన వాక్యం కింద ఆయన ఎర్రసిరాతో గీత గీసి మెచ్చుకున్న సాయంత్రం, వాడు ఇంటికి సైకిలు మరచి నడిచి వెళ్లిపోయాడు.

జాన్ రొమేరో చేసిన డేంజరస్ డేవ్‌లో పది స్టేజిలు. బంగారు కప్పు అందుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది. తెర అంచు దాకా పోతే తప్ప అవతల ఏముందో కనబడదు కనుక, చూసేలోగానే చచ్చిన సందర్భాలు మన రిజిస్టరు నిండా ఉన్నాయి. డేవ్ పేజీల్లో 'ఆటదే' అన్న తీర్పే ఎక్కువ. మొన్న మళ్లీ ఆడి చూశాను. ఆ తీర్పు మార్చవలసిన అవసరం కనిపించలేదు. అయినా ఈ రొమేరోయే 1993లో డూమ్ అనే పేరుమోసిన కాల్పుల ఆట చేసినవారిలో ఒకడని ఇంజనీరింగ్‌లో తెలిసిననాడు, మన పక్కవీధి కుర్రాడు కలెక్టరయ్యాడని విన్నంత సంబరం కలిగింది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా సంగతి వేరు. జోర్డాన్ మెక్నర్ తన తమ్ముడి చేత పరుగులు పెట్టించి, గెంతించి, వీడియో తీసి, దాన్నిబట్టి ఒక్కొక్క బొమ్మే గీసుకుని 1989లో ఆపిల్ టూ కంప్యూటర్ మీద తెచ్చిన ఆట అది. అందుకే ప్రిన్స్ ఒంటికి బరువుంటుంది. పరుగులో ఉన్నవాణ్ణి ఆగమంటే ఒకటి రెండు అడుగులు జారి గాని ఆగడు, కనుక గోతిలో పడితే తప్పు ఎప్పుడూ మనదే. గడువు అరవై నిమిషాలు, మనకున్నది పావుగంట. 'ప్రిన్స్ మెగాహిట్' అని కొట్టి లోపలికి వెళితే షిఫ్టూ ఎల్లూ కలిపి నొక్కి స్టేజిలు దాటవచ్చునన్న రహస్యాన్ని మన బడికి ఎవరు తెచ్చారో నేటికీ తేలలేదు గాని, ఆ రెండు మాటల్లో ఏది ఏ హీరోకు చెందుతుందన్న యుద్ధం సైకిల్ స్టాండు దాకా సాగింది.

నాలుగో స్టేజిలో అద్దంలోంచి దూకినప్పుడు ప్రిన్స్ నుంచి విడిపోయి పారిపోయిన నీడ, పన్నెండో స్టేజిలో కత్తి పట్టుకుని ఎదురుపడుతుంది. దాన్ని పొడిచినప్పుడల్లా తగ్గేది మన ప్రాణమే. మూడు శనివారాలు ఒకరి తరువాత ఒకరం పొడిచి చచ్చాము. రిజిస్టరులో వరుసగా 'ఆటదే', 'ఆటదే'. చివరికి ఇరవై మూడో నంబరు 'వాణ్ణి పొడిస్తే నేనే చస్తున్నాను గనక తప్పు ఆటదే' అని రాస్తే, మాస్టారు ఆ వాక్యాన్ని పైకి చదివి, కళ్లజోడు తుడుచుకుని, "మరి పొడవడం దేనికిరా?" అన్నారు. గంట కొట్టకముందే మిషను మీద గుడ్డ కప్పేశారు. ఆ వారమంతా లెక్కల క్లాసులో కూడా మనం ఆలోచించింది దాని గురించే. పై శనివారం అమ్మాయిల వరుసలోంచి వచ్చిన ఒక చెయ్యి (ఎవరిదో మీకు తెలుసు, ఆ ఘనత తనదేనని బొంగరం ఇప్పటికీ వాదిస్తాడు) కింది బాణం మీట నొక్కింది. కత్తి ఒరలోకి వెళ్లింది. నీడ కూడా కత్తి దించింది. ఇద్దరూ ఎదురెదురుగా నడిచి ఒకరిలో ఒకరు కలిసిపోయారు. తరువాత గట్టు దాటి శూన్యంలోకి పరిగెత్తితే కాళ్ల కింద బండలు వాటంతట అవే పుట్టుకొచ్చాయి. మాస్టారు వెనకే నిలబడి ఉన్నా ఏమీ అనలేదు. ఇరవై మూడో నంబరు తన పాత వాక్యం కొట్టేసి 'నాదే' అని దిద్దుతుంటే మాత్రం, రిజిస్టరులో కొట్టివేతలు ఉండరాదని కసిరారు.

మారియోను చూసింది బడిలో కాదు, బస్టాండు వెనక కొట్లో, క్యాసెట్ ఊది పెట్టిన తరువాత. 1985 నాటి ఆ ఆట, ముప్పై రెండు స్టేజిలూ కలిపి నలభై కిలోబైట్లు. జాగా చాలక మేఘం బొమ్మకే పచ్చరంగు వేసి పొద అన్నారు. మీట నొక్కి ఉంచినకొద్దీ ఎత్తు పెరిగే ఆ గెంతుకు ఈనాటికీ నేను వంక పెట్టలేను. కాంట్రా గురించి రాయలేదని ఎవరూ అలగవద్దు, అది కాల్పుల ఆట.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఆటలను పరీక్షించే పనిలో ఉన్నాను, నా కింద పద్నాలుగుమంది. వాళ్లు రోజూ నింపే పట్టికలో 'తప్పు ఆడినవారిదా, ఆటదా' అన్న చివరి గడి నేను చేర్చిందే. విదేశాల నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు అది ఎవరి ఆలోచన అని అడిగితే, మన బడి పేరు రెండుసార్లు పలికి చెప్పాను.

పాత పోకడతో ఇటీవల వచ్చిన ఆటలకూ అదే గడి. ఆరు 'వి'లు పేరుగా గల 2010 నాటి ఆటలో గెంతే లేదు, నేలనూ కప్పునూ తారుమారు చేయడమే. మోకాలెత్తు దిమ్మె దాటడానికి ముళ్ల మధ్యగా తెరల కొద్దీ పైకి పోయి మళ్లీ దిగాలి. ప్రతిసారీ తప్పు నాదే. సూపర్ మీట్ బాయ్ స్టేజి ముగిశాక మన చావులన్నిటినీ ఒకేసారి ఆడించి చూపిస్తుంది. రిజిస్టరుకు అంతకన్నా దగ్గరి చుట్టం నాకు కనబడలేదు. షవెల్ నైట్‌లో, చచ్చినవాణ్ణి అక్కడి నుంచే మళ్లీ మొదలెట్టనిచ్చే ఆసరా దీపాలను సొమ్ము కోసం మనమే పగలగొట్టుకోవచ్చు, ఆ పైన చస్తే ఎవరిని అనాలి?

2018లో వచ్చిన సెలెస్ట్ దగ్గరే తూకం తప్పింది. అందులో గట్టు అంచు దాటిపోయాక కూడా సెకనులో పదో వంతు దాకా గెంతు చెల్లుతుంది. మా అమ్మాయి నా పద్ధతి విని, ఒక నోటుపుస్తకం తెచ్చుకుని అందులో రాసుకున్న వాక్యం ఇది: 'నేను ఆలస్యంగా గెంతాను, ఆట చూసీ చూడనట్టు ఊరుకుంది.' దీన్ని ఏ గడిలో వేయాలో మాస్టారిని అడగాలి. కలయికకు ఆయన వస్తున్నారని గోలీసోడా చెప్పాడు, రిజిస్టరు మాట మాత్రం ఎత్తలేదు.