ఒగ్గు కథ బృందాన్ని క్యాంపస్‌కి పిలిచిన నా అనుభవం

డోలు, తాళాల మధ్య మల్లన్న లాంటి దేవుళ్ళ కథను పాడుతూ, ఆడుతూ చెప్పే ఒగ్గు కథ మా నల్లగొండ వైపు తెలియని ఊరు ఉండదు. కురుమ, గొల్ల ఇళ్ళల్లో మల్లన్న పట్నాలు (రంగు పొడులతో ముగ్గు వేసి చేసే పూజ) వేశారంటే రాత్రంతా డోలు మోగుతూనే ఉంటుంది. అలాంటి కళ మా యూనివర్సిటీ సభల్లో మాత్రం ముఖ్య అతిథి వచ్చేలోపు ఖాళీ నింపడానికే పనికొస్తుంది. అతిథి కారు గేటు దగ్గరికి రాగానే డోలు వాయించమంటారు, ఆయన స్టేజీ ఎక్కగానే ఆపమంటారు. ఇది నాకు చాలా రోజులుగా మనసులో ముల్లులా ఉంది. అందుకే జానపద సాహిత్యం మీద ఒకరోజు సదస్సు పెడదామని మా డిపార్ట్‌మెంట్ మేడమ్ అనగానే, ఒగ్గు బృందాన్ని పిలిచే బాధ్యత నేను తీసుకుంటానన్నాను. ఎం.ఏ. తెలుగు రెండో సంవత్సరం విద్యార్థిని కాబట్టి సంతకాలేవీ నావి కావు. తిరగడం, రాయడం, కనుక్కోవడం నా పని.

ముందు తేదీ తేలాలి. మా వాళ్ళు ఫిబ్రవరి అనుకున్నారు. అది ఒగ్గు కథకులకు అసలు కుదరని కాలం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర నడుస్తుంది. రెండేళ్ళకోసారి మాఘమాసంలో సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర కూడా వస్తుంది. ఆ రోజుల్లో కథకుణ్ణి క్యాంపస్‌కి రమ్మంటే ఆయన ఏడాది సంపాదనకు అడ్డం పడినట్టే. మేడమ్‌కి ఈ సంగతి చెప్తే సదస్సును నవంబరుకు మార్చారు. సెమిస్టర్ పరీక్షలకు ముందు కాబట్టి పిల్లలూ దొరుకుతారు.

కథకుడిది కట్టంగూరు వైపు ఊరు. నేనూ, క్లాస్‌మేట్ ఒకడూ బండి మీద వెళ్ళాం. వాకిట్లో డోలు తాళ్ళు బిగిస్తూ కూర్చున్నాడు తాత. విషయం చెప్పగానే ఆయన అడిగిన మొదటి మాట డబ్బు గురించి కాదు.

"కథకు పిలుస్తున్నరా బిడ్డా, ఉత్త చప్పుడుకా?"

ఈ మధ్య ఆయన బృందానికి వచ్చే పిలుపుల్లో ఎక్కువ భాగం ఊరేగింపులకూ, నాయకుల స్వాగతాలకేనట. డోలు విన్యాసం చూస్తారు, ఫోటోలు తీసుకుంటారు, కథ ఎవరూ అడగరు. కథకే పిలుస్తున్నామని చెప్పాను. ఎంతసేపని అడిగాడు. మా డ్రాఫ్టులో ఇరవై నిమిషాలని ఉంది. అదే చెప్పాను.

"ఇరవై నిమిషాల్ల దేవున్ని తలుసుకునుడే అయితది. కథ యాడికెల్లి జెప్పాలె?"

రాత్రంతా నడిచే కథలో ఏ ముక్క తెచ్చినా దానికో మొదలు, ఒక ముగింపు ఉండాలని వివరించాడు. మల్లన్న గొల్ల కేతమ్మను పెండ్లాడే ఘట్టం అయితే గంటన్నరలో చెప్పొచ్చన్నాడు. అంతకంటే తక్కువైతే రానని మర్యాదగానే చెప్పాడు. నాకైతే ఆ మాట చాలా నచ్చింది. తన కథ విలువ తనకు తెలిసిన మనిషి ఆయన.

తిరిగొచ్చి కార్యక్రమం మొత్తం తిరగరాశాం. పొద్దున కథ, ఆ తర్వాత ఉపన్యాసం. ఉపన్యాసానికి వస్తున్న రిటైర్డ్ ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి అడిగితే, వెంటనే ఒప్పుకున్నారు. కథ విన్న పిల్లలకైతే తన మాటలు బాగా ఎక్కుతాయన్నారు.

అసలు చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. ఉపన్యాసకుణ్ణి పిలవడానికి పద్ధతి ఉంది: ఒక పేరు, ఒక పాన్ కార్డు, ఒక ఖాతా నంబరు, ఒక ఉపన్యాసానికి ఇంత అని రేటు. ఒగ్గు బృందంలో అయితే కథకుడు, వంతలు (కథకుడికి వంత పలికేవాళ్ళు), డోళ్ళవాళ్ళు, తాళాలవాళ్ళు ఉంటారు. ఫారంలో ఉన్నది మాత్రం ఒకే గడి. "రిసోర్స్ పర్సన్ ఒక్కరే కదా" అని అక్కడ ఆగిపోయింది ఫైలు. ఒక్కరి రేటును అంతమందికి పంచితే ఒక్కొక్కరికి కూలి గిట్టదు.

దారి చూపించింది అకౌంట్స్‌లో పనిచేసే ఒక సారు. గౌరవ పారితోషికం పద్దు కింద కాకుండా, సాంస్కృతిక ప్రదర్శన ఖర్చు కింద విడిగా నోట్ పెట్టమన్నారు. బృందంలో ఎవరెవరు వస్తారో, ఎంత అడుగుతున్నారో, బండి కిరాయి ఎంతో రాసి, కథకుడి సంతకంతో అంగీకార పత్రం జతచేయమన్నారు. దానికి సదస్సు కంటే ముందే మంజూరు తీసుకోవాలి. కార్యక్రమం అయ్యాక బిల్లు పెడితే నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. ఉద్యోగం ఉన్న వక్తకు అది ఇబ్బంది మాత్రమే, రోజు కూలి వదులుకుని వచ్చిన డోలు కళాకారుడికి అది అన్యాయం. ఇలాంటి పని చేయబోయే ఏ విద్యార్థికైనా నేను గట్టిగా చెప్పే మాట ఇదొక్కటే: మంజూరు కాగితం చేతికి రాకముందు బృందానికి మాట ఇవ్వొద్దు.

తాత పాస్‌బుక్ పాతది, విలీనమైపోయిన బ్యాంకుది. దాని మీది ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇప్పుడు చెల్లదు. అందుకని మేడమ్ తన పేరు మీద అడ్వాన్స్ డ్రా చేసి, ఆ రోజే నగదు ఇచ్చి, రసీదులతో లెక్క సరిచేస్తానని రాసిచ్చారు. ఐదు వేలు దాటిన రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. అవి ముందే తెచ్చి పెట్టుకున్నాం.

మైకు గురించి కూడా ఒక మాట. సౌండ్ అతను పోడియం మైకు ఒకటి, డోళ్ళ ముందు రెండు పెట్టాడు. కథకుడు ఒకచోట నిలబడడు. గజ్జెలు కట్టుకుని స్టేజీ అంతా తిరుగుతాడు, ఆడమనిషి గొంతూ మగవాడి గొంతూ తానే పలుకుతాడు. తాత చూసి డోళ్ళ ముందు మైకులు తీయించాడు. ఒకటి తన మెడకు తగిలించుకుని, ఇంకొకటి వంతకు ఇప్పించాడు. స్టేజీ మీద వైర్లన్నీ పక్కకు లాగించాం. వేషం కట్టుకోవడానికి ఒక క్లాస్‌రూం తాళం తీయించి, అద్దం పెట్టాం.

కథ మొదలయ్యాక వెనక వరుసల్లో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు కూడా తలెత్తారు. కేతమ్మ మాటల దగ్గర వంత "ఆహా, అట్లనా?" అని ఎదురు ప్రశ్న వేసినప్పుడల్లా హాలంతా నవ్వింది. ఇంజినీరింగ్ పిల్లలు తలుపుల దగ్గర నిలబడి విన్నారు. గంటన్నర దాటినా ఆపమని ఎవరూ చీటీ పంపలేదు. తర్వాత ప్రొఫెసర్ గారు, ఇంటి వాకిట్లో పూజలో భాగంగా సాగే ఈ కథను సభా వేదికల మీదికి తెచ్చిన చుక్క సత్తయ్య గురించి మాట్లాడారు. జనగామ దగ్గర మాణిక్యాపురం ఆయనది, 2017లో కన్నుమూశారు. మాట్లాడుతూ మాట్లాడుతూ తాతను మళ్ళీ స్టేజీ మీదికి పిలిచి, సత్తయ్య కథనానికీ మీదానికీ తేడా ఏమిటని అడిగారు. అక్కడి నుంచి అది ఉపన్యాసం కాదు, ఇద్దరు పండితుల సంభాషణ. నా మటుకు ఆ రోజు మొత్తంలో అదే గొప్ప ఘట్టం.

భోజనాలయ్యాక డిపార్ట్‌మెంట్ గదిలో అందరికీ డబ్బు అందింది. తాత స్టాంపు మీద సంతకం చేసి, రసీదు చదివించుకుని, బృందంలో ఎవరి వాటా వారికి అక్కడే పంచాడు. రికార్డింగు పాఠాలకు వాడుకుంటామని ఆయన అనుమతి రాయించుకుని, ఒక కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాం.

ఇప్పుడు చిందు యక్షగానం (వేషాలు కట్టి పాటలతో ఆడే నాటకం) బృందం కోసం అదే నమూనాలో నోట్ పెట్టాం. వాళ్ళు ఇంకా ఎక్కువ మంది వస్తారు, రాత్రి బస కూడా కావాలి, కాబట్టి ఈసారి హాస్టల్ గదుల లెక్క కూడా అందులోనే రాశాం. ఫైలు అకౌంట్స్‌లో ఉంది, సోమవారం వెళ్ళి అడగాలి.