ఖాళీ కేసు అంచు చూశాకే స్ప్రింగు మార్చండి

సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌లో కాల్చాక ఖాళీ కేసు (మందు ఉండే లోహపు డొల్ల) ఛాంబర్‌లోనే, అంటే తూటా కూర్చునే చోటే ఉండిపోతే చాలామంది వెంటనే ఎక్స్‌ట్రాక్టర్ (కేసు అంచును పట్టి వెనక్కి లాగే కొక్కెం) స్ప్రింగు కొనేస్తారు. కొత్తది వేశాక నాలుగు మ్యాగజైన్లు బాగానే నడుస్తాయి, ఆ తర్వాత మళ్లీ అదే తంతు. లోపం ఎక్కడుందో ఇరుక్కున్న ఆ కేసే చెబుతుంది. దాన్ని పారేయకండి, వెలుతురులో పెట్టి దాని అడుగున ఉండే అంచు చూడండి. కింద చెప్పేదంతా ఏఆర్-15 తరహా రైఫిల్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినదే. ఇతర రైఫిళ్లలో భాగాల ఆకారం మారుతుంది, కారణాలు మాత్రం చాలావరకు ఇవే.

ముందు కేసు బయటికి తీయాలి. గొట్టం మూతి ఎవరూ లేని వైపుకి తిప్పి, మ్యాగజైన్ తీసేసి, బోల్ట్‌ను (ఛాంబర్‌ను వెనకనుంచి మూసే భాగాన్ని) వెనక్కి లాగి నిలిపి, ఛాంబర్‌లోకి టార్చి వేసి చూడండి. అక్కడున్నది ఖాళీ కేసా, పేలని రౌండా అన్నది తేలేదాకా చేతిలోకి ఇంకే పనిముట్టూ తీసుకోవద్దు. పేలని రౌండ్ ఇరుక్కుంటే మూతిలోంచి రాడ్ పెట్టి తట్టకూడదు, బట్టును (రైఫిల్ వెనక కొసను) నేలకేసి కొట్టకూడదు. అది గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే నిపుణుడు) పని. ఖాళీ కేసే అని ఖాయమైతే ఇత్తడి రాడ్ మూతిలోంచి దించి మెల్లగా తట్టండి. ఎంత బలం పట్టిందో ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి. రాడ్ బరువుకే కేసు జారిపడితే ఛాంబర్ దాన్ని బిగబట్టలేదు, ఎక్స్‌ట్రాక్టరే వదిలేసింది. సుత్తితో కొడితే గానీ రాలేదంటే ఛాంబర్ వైపో, గ్యాస్ (మందు పేలి బోల్ట్‌ను వెనక్కి తోసేది) వైపో, తూటా వైపో వెతకాలి.

ఇంకో పొరపాటు కూడా తరచు జరుగుతుంది. కేసు ఎజెక్షన్ కిటికీలో నిలువుగా ఇరుక్కుంటే అది ఎక్స్‌ట్రాక్షన్ లోపం కాదు. కేసు ఛాంబర్‌లోంచి వచ్చేసింది, బయటికి విసరడమే కుదరలేదు. అలాంటప్పుడు కేసును బయటికి విసిరే ఎజెక్టర్‌నీ, బోల్ట్ పూర్తిగా వెనక్కి వెళ్తోందా అన్నదీ చూడాలి. ఛాంబర్‌లో పాత కేసు ఉండగానే కొత్త రౌండ్ ముక్కు దాని వెనక గుద్దుకుంటేనే ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న లోపం.

ఇక అంచు సంగతి. ఏఆర్-15లో మామూలుగా వాడే 5.56 తూటా కేసు అంచు వ్యాసం సుమారు 9.6 మి.మీ. దాని మీద గీత కూడా లేకపోయినా, చిన్న రాపిడి గుర్తే ఉన్నా కొక్కెం పట్టు జారిందన్నమాట. అంచు చిరిగినా, ఒకవైపు వంగి లేచినా కొక్కెం తన పని గట్టిగానే చేసింది, కేసే కదల్లేదు. ఈ రెండో రకంలో ఇంకా గట్టి స్ప్రింగు వేస్తే అంచు ఇంకా బాగా చిరుగుతుంది, అంతే.

జారిన గుర్తు ఉంటే బోల్ట్ విప్పండి. ఎక్స్‌ట్రాక్టర్ వెనక భాగాన్ని వేలితో నొక్కి పట్టుకుని పిన్ను బయటికి తోయాలి. స్ప్రింగు వెడల్పు కొస ఎక్స్‌ట్రాక్టర్‌లోనే కూర్చుని ఉంటుంది, దాన్ని ఊడబీకవద్దు. కొక్కెం కింద గట్టిపడిన మసి పొర దొరకడం మామూలే. ఆ సన్నటి పొర చాలు, కొక్కెం అంచు మీదికి పూర్తిగా దిగకుండా ఆపడానికి. చెక్క పుల్లతో గీకి తీసి, కొక్కెం కొసను గోటితో తడిమి చూడండి. పదునుగా, నిండుగా తగలాలి. గుండ్రంగా అరిగినా, పెచ్చు ఊడినా ఎక్స్‌ట్రాక్టర్ మార్చాల్సిందే. స్ప్రింగు లోపల ఉండే రబ్బరు ముక్క నూనె పీల్చి మెత్తబడిందేమో కూడా చూడండి. నీలం ముక్క కంటే నల్లది గట్టిది. స్ప్రింగు చుట్టూ ఓ-రింగ్ (రబ్బరు ఉంగరం) వేసినా పట్టు పెరుగుతుంది. గట్టి స్ప్రింగు, నల్ల ముక్క, ఓ-రింగ్ మూడూ కలిపేస్తే మాత్రం కొక్కెం కేసు అంచు మీదికి ఎక్కలేక బోల్ట్ పూర్తిగా మూసుకోకపోవచ్చు. సుమారు 5,000 రౌండ్లకోసారి స్ప్రింగు మార్చడం మంచి అలవాటు.

అంచు చిరిగి ఉంటే ముందు ఛాంబర్ చూడాలి. గొట్టం బ్రష్ ఛాంబర్ గోడకు ఆనదు, అందుకే విడిగా ఛాంబర్ బ్రష్ కావాలి. సాల్వెంట్‌లో తడిపి, లోపలికి పెట్టి, ఒకే దిశలో ఓ పదిసార్లు తిప్పి, అదే దిశలో తిప్పుతూ బయటికి తీయండి. తర్వాత పొడి గుడ్డతో తుడవండి. ఛాంబర్‌లో నూనె మిగిలితే కేసు గోడను పట్టుకోలేదు, ఆ తోపంతా బోల్ట్ మీద పడుతుంది. తుడిచాక టార్చి వేసి తుప్పు గుంటలు, గీతలు ఉన్నాయేమో చూడండి. గుంటలుంటే శుభ్రం చేసి లాభం లేదు. మందు పేలినప్పుడు ఇత్తడి ఉబ్బి ఆ గుంటల్లోకి దిగిపోతుంది. స్టీల్ కేసు ఇత్తడంత బాగా ఉబ్బి గోడకు అతుక్కోదు, మసి పక్కనుంచి వెనక్కి పాకుతుంది. స్టీల్ కేసులు కాల్చి, శుభ్రం చేయకుండా వెంటనే ఇత్తడి వాటికి మారితే ఇరుక్కోవడం అందుకే.

ఛాంబర్ బాగానే ఉందంటే గ్యాస్ మీద అనుమానం పెట్టుకోండి. ఈ కారణాన్నే ఎక్కువమంది పట్టించుకోరు. గ్యాస్ మరీ ఎక్కువగా వస్తే గొట్టంలో ఒత్తిడి తగ్గకముందే బోల్ట్ తెరుచుకుంటుంది. కేసు ఇంకా గోడకు అదిమి ఉండగానే కొక్కెం లాగుతుంది, అంచు తెగుతుంది. గ్యాస్ గొట్టం పొట్టిగా ఉన్నవాటిలో, సప్రెసర్ (మూతికి బిగించే, శబ్దం తగ్గించే గొట్టం) బిగించినప్పుడు ఇది ఎక్కువ. మిగతా కేసులు ముందువైపుకి విసురుగా ఎగిరిపోతుంటే ఇదే అనుకోవచ్చు. బఫర్ (బోల్ట్ వెనక ఉండి దాని వేగాన్ని అదుపు చేసే ముక్క) బరువు ఒక్కో మెట్టు పెంచి చూడండి: మామూలు కార్బైన్ బఫర్ సుమారు 85 గ్రాములు, దాని పైది హెచ్ రకం, సుమారు 108 గ్రాములు. వచ్చే గ్యాస్‌ను మనమే తగ్గించుకోగల గ్యాస్ బ్లాక్ ఉంటే ఇంకా నయం. 1960ల్లో వియత్నాంలో అమెరికా సైనికుల ఎమ్16 రైఫిళ్లు మొరాయించింది కూడా ఇలాంటి కారణాలు ఒకచోట చేరినందుకే: మందు రకం మారి బోల్ట్ వేగం పెరిగింది, ఛాంబర్‌కు క్రోమ్ పూత లేదు, శుభ్రం చేసే సామగ్రి సైనికులకు సరిగా అందలేదు.

తూటా వైపు చూసేటప్పుడు ప్రైమర్ (కేసు అడుగున మందును రాజేసే చిన్న బిళ్ల) చదునుగా నలిగిందా, కేసు అడుగుకు కాస్త పైన మెరిసే వలయం ఉందా చూడండి. ఆ వలయం దగ్గరే లోహం పలచబడుతుంది. అక్కడ తెగితే అడుగు ఊడొచ్చి మిగతా కేసు ఛాంబర్‌లో ఉండిపోతుంది. దాన్ని తీయడానికి ఆ క్యాలిబర్‌కు సరిపడే విరిగిన కేసు ఎక్స్‌ట్రాక్టరే వాడాలి. రీలోడ్ చేసేవాళ్లు (ఖాళీ కేసులో మళ్లీ మందు నింపేవాళ్లు) కేసు పొడవు 44.70 మి.మీ. దాటనివ్వకూడదు, 44.45కి కత్తిరించుకుంటే సరి. .223 (5.56ని పోలిన మరో తూటా) ఛాంబర్‌లో 5.56 తూటా వేస్తే ఒత్తిడి పెరగొచ్చు, గొట్టం మీద ఏం చెక్కారో చదవండి.

సరిచేసేటప్పుడు ఒకేసారి రెండు మార్పులు చేయవద్దు. ఒక మార్పు చేశాక మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టి కాల్చండి. కేసు బయటపడాలి, బోల్ట్ వెనక నిలవాలి. ఇలా ఐదుసార్లు అయ్యాక పదేసి రౌండ్లు నింపి చూడండి. పడిన ప్రతి కేసూ ఏరి, అంచులు మళ్లీ ఒకసారి వెలుతురులో చూడండి. పాత కేసును పక్కన పెట్టుకుని పోల్చితే తేడా కంటికే కనిపిస్తుంది.